మంట మంటకూ తేడా

రావులపాలెం వంతెన మీద జనాన్ని ఎక్కించుకుని పోతున్న సీఎన్‌జీ ఆటో ఇంజన్ నిమిషానికి 3,000 చుట్లు తిరుగుతోందనుకుందాం. నాలుగు స్ట్రోకుల ఇంజన్‌లో రెండు చుట్లకు ఒక మంట. అంటే సెకనుకు 25 మంటలు. ఒక్కో మంట ప్లగ్గు దగ్గర పుట్టి సిలిండరంతా పాకడానికి దొరికే సమయం సుమారు 2 మిల్లీసెకన్లు. డ్రైవరు చెయ్యి కదపకపోయినా, రోడ్డు నున్నగా ఉన్నా, గ్యాస్ అదే అయినా, ఆ 25 మంటల్లో ఏ రెండూ ఒకేలా ఉండవు. ఒకటి గబుక్కున అంటుకుని పిస్టన్‌ను గట్టిగా తన్నుతుంది. తర్వాతది బద్ధకంగా రాజుకుంటుంది. ఎప్పుడో ఒకటి అసలు అంటుకోకుండానే సైలెన్సర్‌లోంచి బయటికి పోతుంది. ప్రయాణికుడికి తెలిసేది చిన్న కుదుపు. మెకానిక్ దాన్ని ‘మిస్సింగ్’ అంటాడు.

ఇంజన్ల చరిత్ర చెప్పేవాళ్లు మంటను సిలిండర్లో బంధించిన రోజు గురించే ఎక్కువ చెబుతారు. ఆ పని 1860లోనే అయిపోయింది. ప్రతి మంటా దాని ముందు మంటలాగే మండాలన్న పని మాత్రం అక్కడ మొదలై ఇంకా సాగుతోంది. రెండింటిలో ఇదే పెద్ద కథ అని నా నమ్మకం. గోదావరి జిల్లాలకు ఇది ఇంటి కథ కూడా. ఆ ఆటోలో మండే వాయువు లాంటిది మన కాళ్ల కిందే ఉంది.

1970ల చివర్లో నరసాపురం దగ్గర ఓఎన్‌జీసీ తవ్విన బావిలో గ్యాస్ కనబడింది. ఆ తర్వాత రాజోలు వంతు. కొబ్బరి తోటల మధ్య రిగ్గులు లేచాయి, రాజమండ్రి ఆ పనులన్నిటికీ కేంద్రమైంది. 1995 జనవరి 8న పాశర్లపూడి బావి అదుపు తప్పి అంటుకుంది. కోనసీమ 65 రోజులపాటు ఆ మంటను చూసింది. దాన్ని ఆర్పడానికి అన్నాళ్లు పట్టింది. అదే వాయువు ఇంజన్ సిలిండర్లోకి వస్తే అంటుకోవడానికే మొరాయిస్తుంది. ఒక కార్బన్ చుట్టూ నాలుగు హైడ్రోజన్లు గట్టిగా పట్టుకుని కూర్చున్న మీథేన్ అణువును విడదీయడం పెట్రోలును విడదీసినంత తేలిక కాదు.

డెల్టా గ్యాస్‌కు మొదట్లో ఈ చిక్కు ఎదురు కాలేదు. అది 1990లో విజ్జేశ్వరం విద్యుత్ కేంద్రానికి, ఆ తర్వాత కాకినాడ నాగార్జున ఎరువుల కర్మాగారానికి, జేగురుపాడు జీవీకే కేంద్రానికి వెళ్లింది. విద్యుత్ కేంద్రాల్లో ఉన్నవి గ్యాస్ టర్బైన్లు. టర్బైన్‌లో మంట ఒకసారి వెలిగిస్తే ఆపేదాకా వెలుగుతూనే ఉంటుంది. ముందు మంట, తర్వాతి మంట అన్న మాటే అక్కడ రాదు. ప్లగ్గు ఉన్న ఇంజన్‌లో మంటను సెకనుకు పాతికసార్లు పుట్టించాలి, పాతికసార్లు చంపాలి. చిక్కంతా అక్కడే.

దీని మొదలు పారిస్‌లో ఉంది. 1860లో ఎటియెన్ లెన్వార్ తయారు చేసిన ఇంజన్ వీధి దీపాలకు వాడే బొగ్గు గ్యాస్‌తో, విద్యుత్ స్పార్కుతో నడిచింది. కాబట్టి నేటి సీఎన్‌జీ ఆటోకు అసలైన మూలపురుషుడు పెట్రోలు ఇంజన్ కాదు, ఈ గ్యాస్ ఇంజనే. లెన్వార్ గ్యాస్‌ను నొక్కిపట్టకుండానే అంటించాడు. అందుకే తాగిన ఇంధనంలో నూటికి నాలుగైదు పాళ్లు మాత్రమే పనిగా మారేది. 1876లో జర్మనీలో నికోలాస్ ఒట్టో గ్యాస్, గాలి కలిసిన మిశ్రమాన్ని ముందు నొక్కి, ఆ తర్వాత అంటించే నాలుగు స్ట్రోకుల ఇంజన్ చేశాడు. సామర్థ్యం దాదాపు మూడింతలైంది.

ఒట్టో ఇంజన్ తన ముందువాటికన్నా చాలా నిశ్శబ్దంగా, ఒద్దికగా నడిచింది. ఎందుకలా నడుస్తోందో ఒట్టో చెప్పుకున్న కారణం వేరు. సిలిండర్లో ఇంధనం పొరలు పొరలుగా ఉంటుందని, మంట అంటించే వైపు చిక్కగా, పిస్టన్ వైపు పలచగా ఉండి పేలుడు తాకిడిని మెత్తబరుస్తుందని ఆయన నమ్మాడు. ఆ నమ్మకాన్ని పేటెంటులో కూడా రాసుకున్నాడు. గ్లాస్గోలో పుట్టిన డూగల్డ్ క్లార్క్ దీన్ని ఒప్పుకోలేదు. రెండు స్ట్రోకుల ఇంజన్‌ను రూపొందించిన ఈ మనిషి జీవితమంతా గ్యాస్ ఇంజన్ సిలిండర్ లోపల ఏం జరుగుతోందన్న ప్రశ్నను వదలలేదు. నా దృష్టిలో ఈ కథకు నాయకుడు ఆయనే.

క్లార్క్ ఏం కనిపెట్టాడో చెప్పే ముందు ఒక లెక్క చూడాలి. గనుల్లో పేలే వాయువు కూడా మీథేనే. ఆ పేలుళ్లు ఆపడానికి ఫ్రాన్స్‌లో మలార్, ల షాటెల్యే 1880లలో గొట్టాల్లో వాయువును అంటించి మంట ఎంత వేగంతో పాకుతుందో కొలిచారు. కదలని గాలిలో, సరైన పాళ్లలో కలిపిన మీథేన్ మంట సెకనుకు 40 సెంటీమీటర్లు కూడా పాకదు. మనిషి నడక దానికంటే జోరు. వేడికి ఉబ్బిన వాయువు వెనక నుంచి తోసే తోపుడు కలుపుకున్నా, ఆటో సిలిండర్లో మూడు సెంటీమీటర్లు దాటడానికి 10 మిల్లీసెకన్లకు తక్కువ పట్టదు. మనకున్నవి రెండే. లెక్క ప్రకారం ఇంజన్ నడవకూడదు. కానీ నడుస్తోంది.

1912లో క్లార్క్ చేసిన ప్రయోగం దీనికి జవాబు ఇచ్చింది. గ్యాస్ ఇంజన్ మామూలుగా నడుస్తుండగా వాల్వులు మూసేసి, స్పార్కు ఇవ్వకుండా అదే మిశ్రమాన్ని పిస్టన్‌తో ఒకటి రెండుసార్లు ఊరికే నొక్కి వదిలాడు. ఆ తర్వాతే అంటించాడు. గ్యాస్ అదే, పాళ్లూ అవే, ఒత్తిడీ దాదాపు అదే. మండడానికి పట్టిన సమయం మాత్రం రెట్టింపును మించిపోయింది. తేడా ఎక్కడుందో క్లార్క్‌కు అర్థమైంది. ఇన్‌లెట్ వాల్వు గుండా దూసుకొచ్చినప్పుడు గాలిలో లేచే సుడులు ఆ ఒకటి రెండు ఊరికే పోయిన చుట్లలో చల్లారిపోయాయి. ఇంజన్‌ను నడిపిస్తున్నది ఆ సుడులే. మంట అంచును అవి మడతలు మడతలుగా ముడిచి, ఒకే క్షణంలో ఎన్నో చోట్ల మండేలా చేస్తున్నాయి.

కట్టెల పొయ్యి దగ్గర ఊదుగొట్టం పట్టినవాళ్లకు ఇది వేరే చెప్పనక్కర్లేదు. ఊదకపోతే నిప్పు రాజుకోదు. సమంగా ఊదితే భగ్గుమంటుంది. అప్పుడే అంటుకున్న పుల్ల మీద గట్టిగా ఊదితే ఆరిపోతుంది. సిలిండర్లో ఊదేది ఏ మనిషీ కాదు. సుడి ఎప్పుడు ఎటు తిరుగుతుందో ఎవరి చేతిలోనూ లేదు. క్లార్క్ కనిపెట్టిన బలంలోనే బలహీనత కూడా దాగి ఉంది. మంటకు వేగమిచ్చే సుడే ఒక మంటకూ మరో మంటకూ పొంతన లేకుండా చేస్తోంది.

ఆ సంగతి రుజువు కావడానికి మరో యాభై ఏళ్లు పట్టింది. సిలిండర్ లోపలి ఒత్తిడిని పెన్సిలు మొనతో కాగితం మీద గీసే పాత ఇండికేటర్లు వేగంగా తిరిగే ఇంజన్లకు పనికిరావు. నొక్కితే విద్యుత్ పుట్టే క్వార్ట్జ్ స్ఫటికంతో చేసిన సెన్సర్లు వచ్చాకే ప్రతి మంట ఒత్తిడినీ విడివిడిగా చూడగలిగారు. ఒకదాని మీద ఒకటి వందల గీతలు గీస్తే, అవన్నీ స్పార్కు దాకా ఒకే గీతలా కలిసి నడిచి, ఆ తర్వాత జుట్టు విరబోసుకున్నట్టు విడిపోయాయి. 1966లో డి. జె. ప్యాటర్సన్ అనే పరిశోధకుడు ఈ తేడాకు కారణాలు వెతుకుతూ ఒక పత్రం రాశాడు. స్పార్కు పడే క్షణంలో ప్లగ్గు దగ్గర గాలి వేగం ఒకసారి ఉన్నట్టు మరోసారి లేకపోవడమే ప్రధాన కారణమని తేల్చాడు.

మొదటి మంట ఆవగింజంత కూడా ఉండదు. ఆ దశలో అది చుట్టూ ఉన్న సుడులకంటే చిన్నది. సుడి దాన్ని ఎటు లాక్కుపోతే అటు పోతుంది. ప్లగ్గు లోహానికి ఆనించి తోస్తే ఒంట్లో వేడి పోగొట్టుకుని నీరసపడుతుంది. సిలిండర్ నడిమికి తీసుకెళితే నలువైపులా విచ్చుకుంటుంది. ఒకసారి పెరిగి పెద్దదైతే అన్ని సుడులూ దాని లోపలివే, ఇక తేడా పెద్దగా రాదు. మండాల్సినదాంట్లో మొదటి పదోవంతు మండేలోపే ఆ చుట్టు (ఇక్కడి నుంచి చుట్టు అంటే ఒక మంటకు పట్టే నాలుగు స్ట్రోకులు) తలరాత చాలావరకు నిర్ణయమైపోతుంది. పెట్రోలు ఇంజన్‌లోనూ ఇంతే. కాకపోతే గ్యాస్ మిశ్రమాన్ని పలచన చేసిన కొద్దీ మంట వేగం నిట్టనిలువునా పడిపోతుంది. ఆ బలహీన దశ అంతకంతకూ సాగుతుంది, సుడుల ఆటకు అంత ఎక్కువ సమయం దొరుకుతుంది.

ఈ చెదురును కొలవడానికి ఇంజనీర్లు ఒక అంకె వాడతారు. వందల చుట్లలో ఒక్కో మంట పిస్టన్ మీద ఎంత పని చేసిందో ఒత్తిడి రూపంలో లెక్కగట్టి సగటు తీస్తారు. ఆ సగటు చుట్టూ మంటలు ఎంత చెదిరి ఉన్నాయో శాతంలో చెబుతారు. సగటు 8 బార్లు, చెదురు 0.2 బార్లు ఉంటే అది 2.5 శాతం. ఇది చక్కటి ఇంజన్. పది శాతం దాటితే బండి నడిపేవాడికి కుదుపు తెలుస్తుందని ఎంఐటీ ఆచార్యుడు జాన్ హేవుడ్ 1988లో వచ్చిన తన పాఠ్యగ్రంథంలో రాశాడు. ప్రపంచమంతా ఇంజన్ విద్యార్థులు చదివేది ఆ పుస్తకమే.

కుదుపు ఒక్కటే అయితే ఇంత తాపత్రయం అక్కర్లేదు. అసలు నష్టం వేరే ఉంది. స్పార్కు ఎప్పుడు ఇవ్వాలో మొత్తం ఇంజన్‌కు ఒకే నిర్ణయం తీసుకోవాలి. కాస్త ముందుగా ఇస్తే జోరుగా మండే చుట్లు మితిమీరి, ఇంజన్ టకటకా కొట్టుకుంటుంది. మెకానిక్కులు నాకింగ్ అనేది దీన్నే. దానికి భయపడి ఆలస్యంగా ఇస్తే నీరసంగా మండే చుట్లు పిస్టన్ కిందికి దిగిపోయాక మండి, ఇంధనాన్ని వేడిగా బయటికి పోస్తాయి. బలమైన చుట్టు ఒక వైపు నుంచి, బలహీనమైన చుట్టు మరో వైపు నుంచి ఇంజన్‌ను బిగిస్తాయి. ఆ రెండింటి మధ్య దూరం తగ్గిస్తే, కొత్తగా ఏమీ చేర్చకుండానే మైలేజీ పెరుగుతుంది. సొంత ఆటో మీద కుటుంబాన్ని నడుపుకునే మనిషికి ఆ ఒకటి రెండు శాతం రోజూ జేబులో తేడా చూపిస్తుంది.

1980, 90లలో పొగలోని నైట్రోజన్ ఆక్సైడ్లు తగ్గించాలని గాలి ఎక్కువ, గ్యాస్ తక్కువ పోసే పలచని మంటల వైపు అందరూ మళ్లారు. అక్కడ ఇంకో వింత బయటపడింది. అమెరికాలోని ఓక్‌రిడ్జ్ జాతీయ ప్రయోగశాలలో స్టువర్ట్ డా బృందం గమనించిందేమిటంటే, పలచదనం హద్దుకు చేరువైతే మంటలు ఇక ఇష్టం వచ్చినట్టు చెదరవు. ఒక చుట్టు సరిగ్గా మండకపోతే మిగిలిన ఇంధనంలో కొంత సిలిండర్లోనే ఉండిపోయి తర్వాతి చుట్టులో కలుస్తుంది. అది జోరుగా మండుతుంది. జోరుగా మండినది కాలిన పొగ తప్ప ఏమీ మిగల్చదు, కాబట్టి దాని తర్వాతది మళ్లీ నీరసం. ఒకటి బలం, ఒకటి నీరసం, వరసగా. సిలిండర్‌కు జ్ఞాపకశక్తి ఉందన్నమాట. కేవలం దురదృష్టం అనుకున్నదాంట్లో ఒక క్రమం ఉందని తెలిస్తే, దాన్ని ముందే ఊహించి తర్వాతి చుట్టులో ఇంధనాన్ని సరిచేయవచ్చు. ఈ కథలో నన్ను అన్నిటికంటే కదిలించిన మలుపు ఇది.

పెద్ద గ్యాస్ ఇంజన్లు వేరే దారి పట్టాయి. ఆస్ట్రియాలోని యెన్‌బాఖర్, ఫిన్లాండ్‌లోని వార్ట్‌సిలా లాంటి సంస్థలు సిలిండర్ తలలో బొటనవేలంత ప్రీచాంబర్ పెట్టాయి. ప్లగ్గు అందులో ఉంటుంది. అక్కడ గ్యాస్ కాస్త చిక్కగా ఉంటుంది కాబట్టి ఆవగింజ మంటకు దిగులు లేదు. అది పెరిగి చిన్న రంధ్రాల గుండా అసలు సిలిండర్లోకి మంట ధారలుగా దూసుకొస్తుంది. పలచని మిశ్రమం ఒకేసారి పలుచోట్ల అంటుకుంటుంది. చిక్కని పొర మంట అంటించే వైపు, పలచని పొర పిస్టన్ వైపు అని ఒట్టో నమ్మినదే చివరికి ఇలా నిజమైంది. ఆయన ఇంజన్‌లో లేనిదాన్ని తర్వాతివాళ్లు కావాలని కట్టారు.

ఇక గ్యాస్ సంగతి. ఇంజన్ ఎంత బాగున్నా లోపలికొచ్చే వాయువు రోజుకో రకంగా ఉంటే పైన చెప్పిందంతా తారుమారవుతుంది. ఆస్ట్రియాలో ఏవీఎల్ సంస్థ 1970 ప్రాంతంలో మీథేన్ సంఖ్య అనే కొలమానం తెచ్చింది. స్వచ్ఛమైన మీథేన్‌కు 100, హైడ్రోజన్‌కు 0. ఈథేన్, ప్రొపేన్ లాంటి బరువైన వాయువులు కలిసేకొద్దీ సంఖ్య పడిపోయి నాకింగ్ దగ్గరవుతుంది. మన డెల్టాలోనే ఈ తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. గాడిమొగ ఒడ్డుకు చేరే కేజీ-డీ6 సముద్రపు గ్యాస్ దాదాపు మొత్తం మీథేనే. కోనసీమ నేల మీది బావుల్లో గ్యాస్‌తోపాటు బరువైన వాయువులు, ద్రవాలు కూడా వస్తాయి. తాటిపాకలో 2001లో చిన్న చమురు శుద్ధి కర్మాగారం పెట్టారంటే అందుకే.

ద్రవాలు కలిసిన గ్యాస్ ఎంత చేటు చేస్తుందో నగరం గ్రామం చెబుతుంది. 2014 జూన్ 27 తెల్లవారుజామున అక్కడ గ్యాస్ పైపు పగిలి, అంటుకుని, 20 మందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. నీటితో, ద్రవాలతో కలిసిన గ్యాస్ వల్ల గొట్టం లోపల తుప్పు పట్టిందని విచారణలో తేలింది. గ్యాస్‌ను ఆరబెట్టి, శుద్ధి చేసి పంపడం ఇంజన్ సుఖం కోసం అడిగే సౌకర్యం కాదు. అది ఊరి ప్రాణాలకు సంబంధించిన విషయం. దాన్ని ఎవరూ తేలిగ్గా తీసుకోకూడదు. వాహనాల్లోకి వెళ్లే సీఎన్‌జీలో కనీసం 90 శాతం మీథేన్ ఉండాలని, బరువైన వాయువులకు హద్దులు ఉండాలని భారత ప్రమాణం చెబుతోంది.

మన దేశంలో సీఎన్‌జీ వీధిలోకి వచ్చింది ఢిల్లీ పొగ వల్ల. 1998 జులై 28న సుప్రీంకోర్టు అక్కడి బస్సులన్నీ సీఎన్‌జీకి మారాలని ఆదేశించింది. తెలుగు నేల మీద 2003లో భాగ్యనగర్ గ్యాస్ ఏర్పడింది. ఉభయ గోదావరి జిల్లాల కోసం హిందుస్థాన్ పెట్రోలియం, ఆంధ్రప్రదేశ్ గ్యాస్ డిస్ట్రిబ్యూషన్ కార్పొరేషన్ కలిసి 2016లో గోదావరి గ్యాస్ సంస్థను పెట్టాయి. బంకుల ముందు ఆటోల వరసలు మొదలయ్యాక, ప్రయోగశాలల సమస్య రాజమండ్రి షెడ్లలోకి దిగింది.

“బాబాయ్, పెట్రోలు మీద బానే ఉందండి, గ్యాస్ మీద వంతెన ఎక్కేటప్పుడే ఒకటే మిస్సింగండి” అంటాడు డ్రైవరు. మెకానిక్ బాబాయ్ ముందు ప్లగ్గు విప్పుతాడు. అతను చేసేదానికి శాస్త్రం ఉంది. ఒత్తిడిలో ఉన్న గ్యాస్ మిశ్రమంలో స్పార్కు దూకాలంటే ఎక్కువ వోల్టేజీ కావాలి. అందుకే గ్యాస్ బండికి ప్లగ్గు గ్యాపు తగ్గిస్తారు. కాయిలు నీరసంగా ఉంటే పెట్రోలు మీద బయటపడని లోపం గ్యాస్ మీద బయటపడుతుంది. పెట్రోలు బండికి కిట్టు వేయించినప్పుడు స్పార్కు ఇంకాస్త ముందుగా పడేలా చేసే టైమింగ్ పెట్టె బిగిస్తారు, నెమ్మదిగా మండే మీథేన్‌కు సమయం ఇవ్వడానికి. పాత కిట్లలో గ్యాస్ ఒక మిక్సర్ దగ్గర గాలిలో కలిసి, ఏ సిలిండర్‌కు ఎంత పోతోందో తెలియకుండా పోయేది. కొత్త సీక్వెన్షియల్ కిట్లలో ఒక్కో సిలిండర్‌కు ఒక్కో ఇంజెక్టర్, పొగను చూసి పాళ్లు సరిదిద్దే సెన్సర్ ఉంటాయి. 200 బార్ల నుంచి ఒత్తిడి దిగేటప్పుడు గ్యాస్ విపరీతంగా చల్లబడుతుంది. రెగ్యులేటర్‌కు ఇంజన్ వేడినీళ్లు సరిగా అందకపోతే గ్యాస్ పాళ్లు తప్పుతాయి. బంకు కంప్రెసర్ నుంచి వచ్చే నూనె తుంపర ఇంజెక్టర్లను పూడ్చేస్తుంది. వాల్వు సీట్లు అరిగితే ఒత్తిడి నిలవదు. వీటిలో ప్రతి ఒక్కటీ ఆవగింజ మంట దగ్గరికే చేరుతుంది. ఇవన్నీ చేత్తో పట్టుకుని, చెవితో విని తేల్చే మెకానిక్కుల నేర్పుకు మన పుస్తకాల్లో చోటు లేకపోవడం నాకు బాధగా ఉంటుంది.

నాలుగు సిలిండర్ల కారులో ఒక మంట తప్పితే మిగతా మూడూ కప్పేస్తాయి. ఒకే సిలిండర్ ఉన్న ఆటోకు ఆ ఆసరా లేదు. అందుకే 2024 జులైలో బజాజ్ సంస్థ సీఎన్‌జీతో నడిచే 125 సీసీ ద్విచక్రవాహనాన్ని తెచ్చినప్పుడు నేను మొదట గమనించింది మైలేజీ కాదు. అంత చిన్న సిలిండర్లో, చల్లటి గోడలు మంటకు అంత దగ్గరగా ఉన్నచోట, మీథేన్‌ను చుట్టు చుట్టుకూ నమ్మకంగా మండించారన్నది.

మంటకు చేయూతగా హైడ్రోజన్ కలపడం మరో దారి. నిజానికి ఇది పాత దారే. లెన్వార్, ఒట్టో వాడిన బొగ్గు గ్యాస్‌లో దాదాపు సగం హైడ్రోజనే. తేలిగ్గా అంటుకుని వేగంగా పాకే ఆ వాయువు వాళ్లకు తెలియకుండానే సాయం చేసింది. బొగ్గు గ్యాస్ పోయి నేల గ్యాస్ వచ్చాక ఆ సాయం పోయింది. 2020లో ఢిల్లీలో ఇండియన్ ఆయిల్ 50 బస్సులను 18 శాతం హైడ్రోజన్ కలిపిన సీఎన్‌జీతో నడిపి చూసింది. హైడ్రోజన్ మరీ ఎక్కువైతే మంట వేడెక్కి నైట్రోజన్ ఆక్సైడ్లు పెరుగుతాయి, నాకింగ్ కూడా తొందరగా వస్తుంది. పాళ్ల దగ్గరే నేర్పు.

డెల్టాకు ఇంతకంటే దగ్గరి మార్పు వరిగడ్డి వైపు నుంచి రాబోతోంది. గడ్డి, పేడ, చెత్త పులియబెట్టి తీసిన బయోగ్యాస్‌ను సీఎన్‌జీలో కొంత కలపాలన్న నిబంధన 2025-26లో 1 శాతంతో మొదలై 2028-29 నాటికి 5 శాతానికి చేరాలి. పులియబెట్టిన వాయువులో మూడోవంతుకు పైగా కార్బన్ డయాక్సైడ్ ఉంటుంది. దాన్ని తీసేసి మీథేన్‌ను మిగల్చాలి. సరిగా తీయకపోతే అది మంట వేడిని మింగి, పుట్టుకలోనే దాన్ని మందగింపజేస్తుంది. కోతలయ్యాక తగలబెట్టే గడ్డి ఇంధనమైతే రైతుకూ, ఊరి గాలికీ మేలే. ఆ ప్లాంట్లు కట్టేవాళ్లు గ్యాస్ ఎంత వచ్చిందన్న లెక్కతోపాటు, ఈరోజు వచ్చిన గ్యాస్ నిన్నటి గ్యాస్‌లాగే ఉందా అన్న లెక్క కూడా రోజూ రాసి, బంకు దగ్గర అందరికీ కనిపించేలా పెట్టాలి.